ఉపగ్రహం లెక్క చూసి కొత్త బోర్లు ఆపొచ్చా?

గజపతినగరం రైతు:
మా పక్క మొక్కజొన్న, పామాయిల్ పెరిగినకొద్దీ బోర్లూ పెరిగాయి. 2002 నాటి వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టం ప్రకారం బోరుకు అనుమతి ఎలాగూ ఉండాలి. ఇప్పుడు ఉపగ్రహాల సమాచారాన్ని, కొలతల నుంచి కంప్యూటరే లెక్క నేర్చుకునే మెషిన్ లెర్నింగ్‌తో కలిపి మ్యాపు గీసి, నీరు తగ్గుతున్నట్టు ఎర్రరంగు పడిన ఊళ్లకు ఆ అనుమతి ఆపేయాలని మా వాట్సాప్ గ్రూపులో కొందరు గట్టిగా వాదిస్తున్నారు. నాకైతే ఒప్పుకోబుద్ధి కావడం లేదు. ఏప్రిల్‌లో మా నూతి అడుగు కనిపిస్తుంది, రెండు పెద్ద వానలు పడితే సగానికి లేస్తుంది. అంత పైనుంచి చూస్తే ఇది తెలుస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

డేటా ఉద్యోగి, సొంతూరు చీపురుపల్లి:
అన్నా, ఉపగ్రహాన్ని అంత తేలిగ్గా తీసెయ్యకండి. 2002లో పంపిన గ్రేస్ జంట ఉపగ్రహాలు ఫొటోలు తియ్యలేదు, బరువు చూశాయి. ఒకదాని వెనక ఒకటి, సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో తిరిగేవి. కింద నీరు ఎక్కువుంటే ముందున్నదాన్ని నేల కాస్త గట్టిగా లాగుతుంది, ఎడం మారుతుంది. వెంట్రుక మందం కన్నా చిన్న తేడాను కూడా పట్టేసేవి. 2018 నుంచి వాటి తర్వాతి జంట తిరుగుతోంది. రాజస్థాన్, పంజాబ్, హర్యానాల్లో 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు దాకా 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం పోయిందని 2009లో నాసా శాస్త్రవేత్తలు తేల్చింది గ్రేస్‌తోనే. మన లెక్కలో దాదాపు 3,850 టీఎంసీలు! మనకూ అలాంటి హెచ్చరిక ముందే అందితే అప్పు చేసి వేయించిన బోరు ఫెయిలై ఏడ్చే పరిస్థితి తప్పుతుంది కదా?

రిటైర్డ్ జియాలజీ లెక్చరర్, శ్రీకాకుళం:
బాబూ, పంజాబ్ లెక్క నిజమే. దాన్ని ఇక్కడికి తెచ్చేటప్పుడే చిక్కు.

గ్రేస్ నమ్మకంగా చూడగలిగే గడి కనీసం 300 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు. అంటే 90,000 చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండూ కలిపినా 12,000 చిల్లర. మనతోపాటు ఒడిశా కొండలూ, అవతల అడవులూ, ఇటు సముద్రమూ అదే గడిలో పడతాయి. ఊరి సంగతి దేవుడెరుగు, జిల్లా కూడా విడిగా కనిపించదు.

అంతకన్నా ముఖ్యమైనది రాయి. పంజాబ్ కింద బాగా లోతు దాకా ఒండ్రు. మన కింద ఎక్కువ చోట్ల ఖొండలైట్, చార్నొకైట్, నీస్ అనే గట్టి రాళ్లు. పైన మెత్తబడిన పొరలో, దాని కింద పగుళ్లలో మాత్రమే నీరు. ఆ పొరలో నీరు పట్టే చోటు నూటికి 2 పాళ్లనుకోండి. 2 సెంటీమీటర్ల నీరు ఇంకితే నూతిలో మట్టం 1 మీటరు లేస్తుంది. రైతు గారి నుయ్యి రెండు వానలకే సగానికి లేచేది అందుకే, అంతే వేగంగా దిగేదీ అందుకే. మట్టం 3 మీటర్లు దిగితే మోటారు గాలి పీలుస్తుంది. బరువు చూసే ఉపగ్రహానికి మాత్రం అది 6 సెంటీమీటర్ల నీరే. అదైనా మట్టి తేమ, చెరువులు, నదుల నీటిని అంచనా కట్టి తీసేశాకే తేలాలి. ఆ అంచనాలో కాస్త తప్పితే జవాబే తారుమారవుతుంది.

డేటా ఉద్యోగి:
సార్, మెషిన్ లెర్నింగ్ అందుకే కదా. వాన, పచ్చదనం, నేల వేడి, ఎత్తుపల్లాలు వేరే ఉపగ్రహాలు చాలా దగ్గరగా చూస్తాయి. వాటిని బావుల కొలతలతో కలిపి నేర్పిస్తే పెద్ద గడిని చిన్న గళ్లుగా విడదీయొచ్చు.

లెక్చరర్:
విడదీయొచ్చు. పరీక్ష ఎలా పెడుతున్నావన్నదే నా ప్రశ్న. పక్కపక్కనే ఉన్న బావుల్లో కొన్నింటితో నేర్పి, కొన్నింటితో పరీక్ష పెడితే మార్కులు ఎవరికైనా వస్తాయి. ఒక మండలం మొత్తాన్ని దాచిపెట్టి, మిగతా జిల్లాతో నేర్పించి, అప్పుడు దాచిన మండలం గురించి అడుగు. పచ్చదనం విషయం ఇంకా ప్రమాదం. రబీలో బోరు కింద మొక్కజొన్న పచ్చగా ఉంటుంది. కాలువ నీరు అందిన చోట వరీ పచ్చగానే ఉంటుంది. మొదటిది నేలలోంచి తోడుతోంది, రెండోది నేలలోకి ఇంకిస్తోంది. పైనుంచి రెండూ ఒకటే రంగు.

ఉద్దానం నుంచి:
మా దగ్గర నీరు ఎంతుందన్న దానికన్నా ఎలాంటిదన్న టెన్షనే ఎక్కువ. కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేల్చలేదు. బరువు చూసే ఉపగ్రహం నీటిలో ఏముందో చెప్పదు. ఖర్చు పెట్టేవాళ్లు ఇది కూడా ఆలోచించాలి.

స్కూలు టీచర్, రాజాం:
ఉమ్మడి రాష్ట్రంలో 7 కరువు జిల్లాల్లో రైతులే వానా, బోర్ల మట్టమూ కొలిచి, ఊరంతా కూర్చుని ఏ పంట వేయాలో లెక్క వేసుకున్న ప్రాజెక్టు నడిచింది. ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనేవారు. మన జిల్లాలు అందులో లేవు. వానలు పడే ప్రాంతం కదా అని మనల్ని ఎప్పుడూ వదిలేస్తారు.

డేటా ఉద్యోగి:
సార్, కాలువ వరి సంగతి నాకు తట్టలేదు. కాలువల మ్యాపు విడిగా ఇచ్చి మళ్లీ చేసి చూస్తాను. అనుమతులు ఆపడానికి ఇది చాలదని ఒప్పుకుంటున్నా. కానీ కొలిచేవాళ్లే లేని ఊళ్లకు దీన్ని మించి ఏముంది? అక్కడ ముందు ఎవరు వెళ్లి చూడాలో అయినా చెబుతుంది.

గజపతినగరం రైతు:
మాస్టారూ, ఇవాళ తెల్లారి రాయి కట్టిన తాడు దించాను. గట్టు నుంచి నీటికి 7 మీటర్ల 40. మోటారు వేసిన రెండు గంటలకు 9 మీటర్ల 10. ఏది రాసుకోవాలి?

లెక్చరర్:
మోటారు వెయ్యకముందుది. రేపూ అదే వేళకు, గట్టు మీద అదే చోటు నుంచి దించండి.