షాపులో దొంగతనం, మొదటి కేసు: కోర్టులో ఒప్పేసుకోవచ్చా?

కాలవగట్టు_తణుకు: మా పక్కింటి అమ్మాయికి 20 ఏళ్లండి, డిగ్రీ చదువుతోంది. భీమవరంలో ఓ బట్టల షాపులో రెండు డ్రెస్సులు సంచిలో వేసుకుందని కేసు పెట్టారు. సరుకు గుమ్మం దగ్గరే దొరికింది. ట్యాగు మీద మొత్తం 5,400, ఆషాఢం తగ్గింపు పోగా 3,780. ఇదివరకు ఏ కేసూ లేదు. ఒప్పేసుకుంటే ఏదో సేవ చేయించి వదిలేస్తారంటున్నారు, నిజమేనా?

వకాల్తా: సగం నిజమండి. ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దొంగతనం సెక్షన్ 303(2) ప్రకారం సొత్తు విలువ 5,000 లోపు ఉండి, శిక్ష పడటం మొదటిసారై, సొత్తో దాని విలువో తిరిగిచ్చేస్తే సమాజ సేవే శిక్ష. కానీ అదీ శిక్షే, నేరం రుజువైనట్టే లెక్క. రేపెప్పుడైనా మళ్లీ దొంగతనం రుజువై శిక్ష పడితే కనీసం ఏడాది కఠిన కారాగారం.

ముందు ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకుని అదే సంహితలోని సెక్షన్ 305 కూడా ఉందేమో చూడండి. షాపుని సొత్తు దాచే కట్టడంగా లెక్కేసి ఆ సెక్షన్ తగిలిస్తుంటారు. అందులో ఏడేళ్ల దాకా శిక్ష, నాన్‌బెయిలబుల్, సమాజ సేవ ఊసే లేదు, రాజీకీ వీల్లేదు.

అసలు మెలిక విలువ దగ్గర. సరుకు స్వాధీనం చేసుకున్నప్పుడు సాక్షుల ముందు పోలీసులు రాసే మధ్యవర్తుల నివేదికలో ట్యాగు ధర 5,400 ఎక్కిందా, సేవ దారి మూసుకుపోయినట్టే. అదే రకం డ్రెస్సుకి ఆ రోజు షాపు కొట్టిన బిల్లు సంపాదించి లాయరుకి ఇవ్వండి. ట్యాగు పీకినప్పుడు గుడ్డ చిరిగి ఉంటే వస్తువు తిరిగొచ్చిందన్నా పేచీ పెడతారు, దాని విలువ డబ్బుగా చెల్లించేయడం మేలు.

కోనసీమ_కొబ్బరాకు: ఒప్పుకోడానికి ముందు రాజీ చూడండి. 303(2) ఒక్కటే ఉంటే సొత్తు యజమాని రాజీపడొచ్చు, కోర్టు అనుమతి కూడా అక్కర్లేదు. రాజీ నమోదైతే నిర్దోషిగా విడుదలైనట్టే. చెయిన్ షాపైతే మేనేజరు సంతకం చాలదు, కంపెనీ అధికార పత్రం లేక వాయిదాల మీద వాయిదాలు పడతాయి. లోక్ అదాలత్ తేదీకి ముందే అది తెప్పించండి. "పదింతలు కట్టు, లేకపోతే వీడియో పెడతాం" అంటే మాత్రం ఒక్క రూపాయి ఇవ్వొద్దు, బెదిరించి వసూలు చేయడం అదో నేరం.

కాలవగట్టు_తణుకు: రాజీకి ఒప్పుకోకపోతే?

వకాల్తా: నేరం రుజువైనా జైలుకి పంపకుండా వదిలేసే వీలిచ్చే 1958 ప్రొబేషన్ చట్టం ఉంది. సెక్షన్ 3 కింద మందలించి వదిలేయొచ్చు. పాత ఐపీసీ 380, అంటే ఇప్పటి 305కీ ఇది వర్తిస్తుంది. సెక్షన్ 4 అయితే సత్ప్రవర్తన బాండు, మూడేళ్లకి మించదు. 21 నిండనివాళ్లని జైలుకి పంపాలంటే కోర్టు ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకుని కారణాలు రాయాలి. ఇక్కడ చూసేది నేరం జరిగిన రోజు వయసు కాదు, కోర్టు శిక్ష తేల్చే రోజు వయసు. 20 ఏళ్ల పిల్లకి వాయిదాలు సాగదీయడం అందుకే మంచిది కాదు.

ప్రొబేషన్ వస్తే సెక్షన్ 12 వల్ల ఆ శిక్ష తాలూకు అనర్హత అంటదు. అయితే ఉద్యోగం ఫారంలో కేసుల గురించి అడిగితే దాచకూడదు, 2016 అవతార్ సింగ్ తీర్పులో సుప్రీంకోర్టు ఆ విషయమే గట్టిగా చెప్పింది.

కోనసీమ_కొబ్బరాకు: లాయరు ఫీజుకి వెనకాడితే ఉచిత న్యాయ సహాయం నంబరు 15100కి ఫోన్ చేయించండి. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు.