బేస్‌మెంట్‌లోని కట్టెల స్టవ్ వెలిగించగానే పొగ గదిలోకి వస్తోంది: స్టవ్ మార్చాలా?

మెరిమాక్ తీరం:
అందరికీ నమస్కారం. మేము న్యూ హాంప్‌షైర్‌లో నాషువా దగ్గర ఒక పాత ఇల్లు కొనుక్కున్నాము. బేస్‌మెంట్‌లో గాజు తలుపున్న పోత ఇనుప కట్టెల స్టవ్ ఒకటి ఉంది. దాని గొట్టం ఇంటి బయటి గోడను ఆనుకొని కట్టిన ఇటుక చిమ్నీలోకి వెళ్తుంది. మంచు తుపాను వచ్చి కరెంటు పోయిన రోజుల్లో ఇంటిని వెచ్చగా ఉంచేది ఇదే అన్న నమ్మకంతో దీనిని వాడటం మొదలుపెట్టాము. కానీ ముట్టించిన మొదటి కొద్ది నిమిషాలు పొగంతా వెనక్కి తన్ని గదిలోకి వస్తోంది. బాగా అంటుకున్నాక కూడా, ముఖ్యంగా సాయంత్రం పూట, కట్టె వేయడానికి తలుపు తీస్తే మళ్ళీ అదే పరిస్థితి. రాత్రి నిప్పు ఎక్కువ సేపు నిలవాలని గాలి మీటను పూర్తిగా మూసి పడుకుంటే, తెల్లవారేసరికి గాజు నల్లగా మారి, కట్టెలు సగం కాలిన బొగ్గులుగా మిగులుతున్నాయి. వాడుతున్నది ఓక్. పోయిన వసంతంలో కొట్టించినదనీ, ఎండినదనీ అమ్మిన మనిషి చెప్పాడు. ఈ శీతాకాలం మా అత్తగారు మాతోనే ఉంటున్నారు. ఆవిడకు పొగ అసలు పడదు. తెలిసినవారు స్టవ్ మార్చేయమంటున్నారు. మార్చడం అవసరమా?

పాత ఇటుక:
మెరిమాక్ తీరం గారూ, ఇప్పుడే స్టవ్ మార్చకండి. పొగను పైకి లాగేది స్టవ్ కాదు, చిమ్నీ. వేడెక్కిన వాయువులు తేలికై పైకి లేవడం వల్లనే ఆ లాగుడు పుడుతుంది. మీ చిమ్నీ ఇంటి బయట ఉన్నది కనుక, స్టవ్ వెలగని గంటల్లో దాని ఇటుకలు బయటి చలికి చల్లబడి, లోపలి గాలి బరువెక్కి కిందికి దిగుతూ ఉంటుంది. దీనికి తోడు స్టవ్ ఉన్నది ఇంట్లో అన్నిటికంటే కింది అంతస్తులో. చలికాలంలో వెచ్చటి ఇల్లు తానే ఒక పొగగొట్టంలా పనిచేస్తుంది: వేడి గాలి పై అంతస్తు సందుల గుండా బయటికి పోతుంటే, ఆ లోటు తీర్చుకోవడానికి ఇల్లు కింది భాగంలో ఎక్కడ దారి దొరికితే అక్కడి నుంచి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. మీ ఇంట్లో ఆ దారి స్టవ్ తలుపే అయి ఉండాలి.

దీనిని నిర్ధారించుకోవడం సులభం. ముట్టించే ముందు స్టవ్ తలుపు తీసి, వెలిగించిన అగరుబత్తిని దాని దగ్గర పట్టుకొని పొగ లోపలికి పోతోందో, మీ వైపు వస్తోందో చూడండి. మీ వైపు వస్తే, గాలి వీచే దిక్కున ఉన్న బేస్‌మెంట్ కిటికీని రెండు మూడు అంగుళాలు తెరిచి, గొట్టం మొదట్లో మెలిపెట్టిన వార్తాపత్రిక కాగితాలు రెండు మూడు కాల్చండి. లేదా హెయిర్ డ్రయర్‌తో కాసేపు వేడి గాలి కొట్టండి. అగరుబత్తి పొగ లోపలికి తిరిగాకే మంట పెట్టండి. అడుగున పెద్ద చీలికలు, వాటి మీద సన్నవి, అన్నిటికంటే పైన చితుకులు, కాగితం పేర్చి పైనుంచి ముట్టిస్తే, చిమ్నీ త్వరగా వేడెక్కుతుంది, పొగ కూడా తక్కువ. కిరోసిన్ వంటి ద్రవాలేవీ దగ్గరికి రానివ్వకండి.

ఒక సంగతి అడగాలి. సాయంత్రం ఎక్కువగా పొగ వస్తుందన్నారు కదా, ఆ వేళ వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతూ ఉంటుందా? మన ఇళ్ళలో పోపు ఘాటు పోవడానికని శక్తిమంతమైన ఫ్యాన్లు పెట్టించుకుంటాము. అవి బయటికి తోసే గాలికి సరిపడా గాలి ఇంట్లోకి ఎక్కడి నుంచో రావాలి. బట్టలారబెట్టే డ్రయర్, స్నానాల గది ఫ్యాన్లు కూడా ఇదే పని చేస్తాయి.

మెరిమాక్ తీరం:
మీరు చెప్పినట్టే చూశాము. అగరుబత్తి పొగ సూటిగా మా వైపే వచ్చింది. కిటికీ తెరిచి కాగితాలు కాల్చాక లోపలికి తిరిగింది. వంటింటి ఫ్యాన్ సంగతి మాకు తట్టనే లేదు. అది ఆపినప్పుడు తలుపు తీస్తే పొగ బాగా తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. గాజు మాత్రం ఎప్పటిలాగే నల్లబడుతోంది.

వెర్మాంట్ కట్టెల దొడ్డి:
మిగిలిన దోషంలో ఎక్కువ పాలు కట్టెలదే అనుకుంటున్నాను. అప్పుడే నరికిన చెట్టు బరువులో దాదాపు సగం దాకా నీరే ఉంటుంది. ఓక్ ఎండడానికి చాలా మొండి. చీల్చి, పేర్చి, గాలి తగిలేలా ఉంచినా సాధారణంగా రెండేళ్ళ దాకా పడుతుంది. పోయిన వసంతంలో కొట్టిన ఓక్ ఈ చలికాలానికి సిద్ధమయ్యే అవకాశం లేదు. తేమను కొలిచే మీటర్ కొని, ఒక కట్టెను గది వేడికి వచ్చేదాకా లోపల ఉంచి, మధ్యకు చీల్చి, కొత్తగా బయటపడిన ముఖం మీద కొలవండి. బయటి ముఖం మీద కొలిస్తే, లేదా గడ్డకట్టిన కట్టెను కొలిస్తే, తేమ తక్కువగా చూపించి మోసం చేస్తుంది. 20 శాతం లోపు ఉంటేనే కాల్చదగినది. కాలేటప్పుడు చివర్ల నుంచి బుసబుసమంటూ నురగ వస్తే మీటర్ అవసరం కూడా లేదు, అది పచ్చి కట్టె.

పచ్చి కట్టె వేస్తే, వేడిలో పెద్ద భాగం నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. కట్టె నుంచి వెలువడే పొగ తానే మండాలంటే పొయ్యి లోపల సుమారు 1100 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉండాలి. అది అందకపోతే మండని పొగ చిమ్నీలోకి పోయి, వాయువులు దాదాపు 250 డిగ్రీల కంటే చల్లబడిన చోట తారులా పేరుకుంటుంది. దానినే క్రియోసోట్ అంటారు. గాలి మీట పూర్తిగా మూసినప్పుడు కూడా జరిగేది ఇదే. అందుకని మీరు రాత్రిళ్ళు మూసి పడుకోవడం మంచిది కాదు. గాజు మీద నలుపు మీకు కనిపిస్తోంది. చిమ్నీ లోపల అదే పూత కనిపించకుండా మందమవుతోంది.

కొత్త కట్టెలు వేసిన ప్రతిసారీ, వాటి పైభాగమంతా నల్లగా కాలి మంట నిలదొక్కుకునేదాకా గాలి మీటను బాగా తెరిచే ఉంచండి. ఒంటి పొర గొట్టం అయితే దాని మీద అయస్కాంతంతో అంటుకునే థర్మామీటర్ పెట్టి, 250 నుంచి 475 డిగ్రీల మధ్య నిలుపుకోండి. తరువాత గాలిని మెట్టు మెట్టుగా తగ్గించండి. ఏ దశలోనూ మంట ఆరి, కట్టె కుములుతూ పొగ చూరకూడదు. తెల్లవారేసరికి నిప్పులు మిగిలితే చాలు. వాటిని గాలి వచ్చే వైపు లాగి సన్నటి ఎండు చీలికలు వేస్తే మళ్ళీ అంటుకుంటుంది.

చలిమంట:
మాకు మా ఇల్లు అమ్మినవారు చెప్పిన ప్రకారం క్రియోసోట్ పైన్ కట్టె వల్ల వస్తుంది. ఓక్ కాల్చేవారికి ఆ భయం లేదు కదా?

వెర్మాంట్ కట్టెల దొడ్డి:
ఈ ప్రాంతంలో చాలామంది అలాగే నమ్ముతారు, కానీ అది నిజం కాదు. బాగా ఎండిన పైన్ శుభ్రంగా మండుతుంది, త్వరగా కాలిపోతుందంతే. పచ్చి ఓక్ దానికంటే ఎంతో ఎక్కువ క్రియోసోట్ మిగులుస్తుంది.

పాత ఇటుక:
మెరిమాక్ తీరం గారూ, ఇంతకాలం పచ్చి ఓక్‌ను గాలి మూసి కాల్చారు కనుక, చిమ్నీని శుభ్రం చేసే నిపుణుడు వచ్చి చూసేదాకా దయచేసి మళ్ళీ వెలిగించకండి. చిమ్నీ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా ధ్రువీకరణ ఉన్నవారిని పిలవండి. చిమ్నీ టోపీకి ఉండే జాలీ క్రియోసోట్‌తో పూడుకుపోయి ఉంటే, తలుపు తీసినప్పుడు మిగిలిన ఆ కాస్త పొగకు కారణం అదే కావచ్చు. రెండవది, చిమ్నీ లోపల స్టీల్ లైనర్ (పొగ పోవడానికి లోపల దించే ఉక్కు గొట్టం) ఉన్నదో లేదో అడగండి. స్టవ్ గొట్టం 6 అంగుళాలదైతే దాని వైశాల్యం సుమారు 28 చదరపు అంగుళాలు. పాత ఇటుక చిమ్నీల మట్టి గొట్టాలు చాలాసార్లు దీనికి రెండు మూడింతలుంటాయి. అంత విశాలంలో పొగ నెమ్మదించి చల్లబడుతుంది. బయటి గోడకున్న చిమ్నీలో పొగ పోయే దారి వైశాల్యం స్టవ్ గొట్టానికి రెండింతలు మించకూడదని అమెరికా అగ్నిప్రమాద నివారణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ వారి 211 ప్రమాణం చెబుతోంది. ఏటా తనిఖీ చేయించాలని కూడా అదే ప్రమాణం చెబుతోంది.

కార్బన్ మోనాక్సైడ్ అలారం బేస్‌మెంట్‌లోనూ, పడకగదుల దగ్గరా తప్పక ఉండాలి. పొగను మీ అత్తగారు ముక్కుతో పసిగట్టగలరు, ఈ వాయువును ఎవరూ పసిగట్టలేరు. ఎప్పుడైనా చిమ్నీలో రైలు వచ్చినట్టు హోరు వినిపిస్తే లోపల క్రియోసోట్ అంటుకున్నదని అర్థం. స్టవ్ తలుపు, గాలి మీట మూసేసి, అందరూ బయటికి వెళ్ళి 911కి ఫోన్ చేయాలి. దానంతటదే ఆరినట్టు కనిపించినా, తనిఖీ అయ్యేదాకా ఆ చిమ్నీని వాడకూడదు.

మెరిమాక్ తీరం:
నిపుణుడు వచ్చి చూశారు. జాలీ చాలా భాగం పూడుకుపోయింది, లైనర్ లేదు. ఇన్సులేషన్‌తో 6 అంగుళాల స్టీల్ లైనర్ వేయడానికి ఒప్పుకున్నాము. అది పూర్తయ్యేదాకా స్టవ్ వెలిగించము. ఓక్‌ను చీల్చి కొలిస్తే 31 శాతం చూపించింది. స్టవ్ మాత్రం బాగానే ఉందన్నారు. ఇక ఈ చలికాలానికి కట్టెలు ఎక్కడి నుంచి తేవాలి? బూడిదను ఏం చేయాలి? అంట్లు తోమడానికి పనికొస్తుందని అత్తగారు దాచమంటున్నారు.

వెర్మాంట్ కట్టెల దొడ్డి:
బట్టీలో ఆరబెట్టిన కట్టెలుగానీ, జిగురు కలపని రంపపుపొట్టు ఇటుకలుగానీ కొనండి. ఆ ఇటుకలు చాలా వేడిగా మండుతాయి కనుక మొదట తక్కువగా వేసి, మీ స్టవ్ పుస్తకంలో చెప్పిన పరిమితిలో వాడండి. ఏదైనా మీ ఊరి చుట్టుపక్కలే కొనండి. దూరం నుంచి తెచ్చే కట్టెలతో యాష్ చెట్లను చంపే ఎమరాల్డ్ యాష్ బోరర్ పురుగు వ్యాపిస్తుంది. మీ రాష్ట్రంలో అది 2013లో కాంకర్డ్‌లో బయటపడింది. మీ ఓక్ వృథా కాదు. నేలకు తగలకుండా దుంగల మీద పేర్చి, పైన మాత్రమే కప్పి పక్కలు వదిలేస్తే మరుసటి ఏడాదో, ఆపై ఏడాదో పనికొస్తుంది.

బూడిదను మీ అత్తగారు నిశ్చింతగా వాడుకోవచ్చు, పూర్తిగా చల్లారాక. స్టవ్ అడుగున ఒక అంగుళం మందం వదిలి, మిగిలినది మూత ఉన్న ఇనుప బకెట్‌లోకి తీసి, ఇంటికి దూరంగా మట్టి మీదో రాతి మీదో ఉంచండి. చెక్క డెక్ మీదా, గరాజ్‌లోనూ పెట్టవద్దు. బూడిద కింద నిప్పు కణికలు కొన్ని రోజుల దాకా ఆరకుండా ఉంటాయి.