మెడిసిన్ పీజీ ఫస్టియర్, వచ్చే వారం మొదటి అడ్మిషన్ డే

నమస్తే అండీ. ఈ మధ్యే కోనసీమ దగ్గర్లోని ఒక పెద్దాసుపత్రిలో జనరల్ మెడిసిన్‌లో చేరాను. పీజీ ప్రిపరేషన్‌లో పడి పేషెంట్‌ని ముట్టుకుని చాలా కాలమైంది. వచ్చే వారం మా యూనిట్ అడ్మిషన్ డే, అంటే కొత్త పేషెంట్లని మా యూనిట్ చేర్చుకునే రోజు, రాత్రి క్యాజువాలిటీ ఫస్ట్ కాల్ (ముందు పిలిచేది) నాదేనట. ఏ చాప్టర్లు చదువుకుని వెళ్లాలి? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

అమలాపురం సీనియర్:
చాప్టర్లు పక్కన పెట్టు తమ్ముడూ. దాళ్వా నాట్లు పడుతున్నాయి, అంటే నీకొచ్చేవి పాముకాట్లు, పురుగుమందు కేసులు. పాముకాటైతే 2 ఎంఎల్ రక్తం పొడిగా ఉన్న కొత్త గాజు ట్యూబులో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి అప్పుడు వంచి చూడు, గడ్డకట్టకపోతే రక్తపింజర కాటు అనుకో. ఏఎస్వీ (పాము విషానికి విరుగుడు మందు) 10 వయల్స్‌తో మొదలు, పిల్లలకైనా అంతే, కానీ అది పడక రియాక్షన్ వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ సిరంజిలోకి ఎక్కించి పక్కన పెట్టుకున్నాకే. అన్నిటికంటే మోసం చేసేది కట్లపాము. నేల మీద పడుకున్న మనిషి తెల్లారగట్ల కడుపునొప్పని వస్తాడు, కాటు గుర్తు కనపడదు, గ్యాస్ ఇంజెక్షన్ చేసి పంపేస్తారు. కనురెప్పలు వాలుతున్నాయేమో చూడు.

పురుగుమందుకి అట్రోపిన్ ఇస్తూ అందరూ కంటిపాపల్నే చూస్తుంటారు. నువ్వు స్టెత్ పెట్టి ఊపిరితిత్తుల్లో గరగర పోయిందా లేదా విను, పోయేదాకా ఐదేసి నిమిషాలకి డోసు రెట్టింపు చేస్తూ పో.

థర్డియర్ అక్క:
పైన చెప్పిందంతా కరెక్టే, ఒకటి కలుపుతాను. లంకల నుంచి పడవ దాటి వచ్చేవాళ్లు కాలికి తాడు బిగించి కట్టుకుని వస్తారు. చూడగానే కోసెయ్యకు, ఏఎస్వీ ఎక్కించడానికి అంతా రెడీ అయ్యాక మెల్లగా వదులు చెయ్యి, లేకపోతే విషమంతా ఒక్కసారి ఒంట్లోకి పాకుతుంది. ఇంకోటి, నైట్ సిస్టర్ "డాక్టర్ గారూ, ఏడో బెడ్ ఎందుకో తేడాగా ఉందండీ" అంటే కేస్ షీట్ రాయడం ఆపి లే. ఆవిడ నీకంటే ఎక్కువ మందిని చూసింది.

పేరులేని పీజీ:
వీక్లీ ఆఫ్ గురించి ఎవరూ చెప్పరేం? 2023 పీజీ నిబంధనల్లో వారానికో సెలవు, ఏడాదికి 20 క్యాజువల్ లీవులు ఉన్నాయి. మా దగ్గర అడిగితే "మేం పడలేదా" అంటారు. అయినా అడగండి, అదీ రాతపూర్వకంగా.

ప్రశ్న అడిగినవాడిని:
చాలా థాంక్స్ అండీ. రాత్రి రెండింటికి ఎస్ఆర్‌ని (సీనియర్ రెసిడెంట్‌ని) లేపొచ్చా? తిడతారేమోనని భయం.

అమలాపురం సీనియర్:
లేపు, అందుకే ఉన్నాడు. కాకపోతే బీపీ, సాచురేషన్ చూసి, ఈసీజీ చేతిలో పట్టుకుని మరీ ఫోన్ చెయ్యి. అవేవీ లేకుండా లేపితే మాత్రం తిట్లు ఖాయం.