స్వభావోక్తి అలంకారమేనా? ‘ఏమీ జరగని’ బొమ్మల కథల వైపు నుంచి ఒక జవాబు

ఈ చర్చ మొదలుపెట్టిన మిత్రుని ప్రశ్న సూటిగా ఉంది: ఉన్నది ఉన్నట్లు చెబితే అది మామూలు మాట అవుతుంది గాని అలంకారం ఎలా అవుతుంది, స్వభావోక్తిని అలంకారాల్లో ఎందుకు చేర్చారు అని. పద్యాల ఉదాహరణలు ఇప్పటికే చాలామంది ఇచ్చారు. నేను మరో వైపు నుంచి వస్తాను. నేను ఇష్టంగా చదివేవి కామిక్స్. అందులోనూ సూపర్‌హీరోల కథలకంటే ఇల్లు, ఆఫీసు, వీధి, వాన, సెలవు రోజు మధ్యాహ్నం చుట్టూ తిరిగే కథలు. ‘స్లైస్ ఆఫ్ లైఫ్’ అని పిలిచే ఆ కథలు చదువుతూనే నాకు స్వభావోక్తి అంటే ఏమిటో నిజంగా అర్థమైంది.

ముందుగా సంస్కృత అలంకార శాస్త్రకారుల పాత తగాదాను గుర్తు చేసుకోవాలి. భామహుడు ‘కావ్యాలంకారం’లో మూడు చిన్న వాక్యాలు చెప్పి వాటిని తోసిపారేస్తాడు. సూర్యుడు అస్తమించాడు, చంద్రుడు వెలుగుతున్నాడు, పక్షులు గూళ్లకు పోతున్నాయి. ఇదేమి కావ్యం, దీన్ని ‘వార్త’ అంటారు అన్నాడు. మాటను వాడుక దారి నుంచి కాస్త మళ్లించి చెప్పే వక్రోక్తి లేనిదే అలంకారం లేదని ఆయన పట్టుదల. దండి మాత్రం ‘కావ్యాదర్శం’లో అర్థాలంకారాలను స్వభావోక్తితోనే మొదలుపెట్టి, దాన్ని ‘ఆద్య’, అంటే మొట్టమొదటిది, అన్నాడు. ఆ తర్వాత కుంతకుడు మళ్లీ అడ్డం తిరిగాడు: వస్తువు స్వభావమే అలంకారమైతే ఇక అలంకరించడానికి మిగిలేది ఏమిటి? చాలా పదునైన ప్రశ్న. మన మిత్రుడు అడిగినది కూడా దాదాపు ఇదే.

బడిలో వల్లించిన ఉదాహరణ అందరికీ గుర్తుండే ఉంటుంది. బిత్తర చూపులు చూస్తూ, చెవులు నిగిడించి, చెంగుచెంగున గెంతే జింకలు. వాటి వెనక ఉన్న పెద్ద జింక కాళిదాసుది. శాకుంతలం మొదటి అంకంలో దుష్యంతుని రథం తరుముతుంటే అది పరుగెడుతూనే మెడ తిప్పి మాటిమాటికీ రథం వైపు చూస్తుంది. బాణం తగులుతుందేమోనన్న భయంతో వెనక భాగాన్ని ముందుకు ముడుచుకుంటుంది. ఆయాసంతో తెరుచుకున్న నోట్లోంచి సగం నమిలిన దర్భలు దారి పొడవునా రాలిపడుతుంటాయి. చివరి పాదంలో అది నేల మీదకంటే ఆకాశంలోనే ఎక్కువగా పోతున్నదని కాస్త పెంచి చెప్పినా, మిగతాదంతా కంటితో చూడగలిగినదే. పరుగెత్తే లేడిలో కనబడేవి వంద ఉంటాయి. కవి నాలుగే ఏరుకున్నాడు. ఆ సగం నమిలిన గడ్డిని తీసేస్తే మిగిలేది భామహుడన్న వార్తే. గడ్డి ఉంటే, ఒక్క నిమిషం కిందట ఆ లేడి నిశ్చింతగా మేస్తూ ఉండేదన్న సంగతి కూడా మనకు తెలుస్తుంది. స్వభావోక్తిలో అలంకారం ఆ ఏరుకోవడంలో ఉందని నా నమ్మకం.

కామిక్స్‌లో ఈ ఏరుకోవడం దాచినా దాగదు. పుటను గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో ఏది ఉంచాలో, గడికీ గడికీ మధ్య ఖాళీలో ఏది వదిలేయాలో గీసేవారు నిర్ణయించుకోక తప్పదు. 1938 జూన్ సంచికగా వచ్చిన ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక ముఖచిత్రం చూడండి. సూపర్‌మ్యాన్ ఒక కారును అమాంతం పైకెత్తి బండరాయికేసి కొడుతుంటాడు. అతిశయోక్తిని బొమ్మ గీయమంటే అంతకంటే చక్కగా గీయలేరు. ఆ కథల్లో పుట నడిచే తీరు కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. పిడికిలి ఎత్తాడు, దెబ్బ పడింది, గోడ కూలింది. ప్రతి గడీ ముందు గడిలోని పనికి ఫలితం.

స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో కామిక్స్ గురించి కామిక్స్ రూపంలోనే రాసిన పుస్తకంలో, ఒక గడి నుంచి మరో గడికి వెళ్లే దారులను ఆరు రకాలుగా విడదీశాడు. పై ఉదాహరణ ఒక పని నుంచి మరో పనికి వెళ్లే రకం. అమెరికన్ ప్రధాన స్రవంతి కామిక్స్‌లో అదే ఎక్కువని ఆయన లెక్కవేసి చూపాడు. ఇంకో రకంలో కాలం కదలదు. ఒకే చోటు, ఒకే వేళ, ఒకే వాతావరణం. వాటిలోని వేర్వేరు పార్శ్వాల మీద చూపు మాత్రమే తిరుగుతుంది. జపాన్ కామిక్స్‌లో ఇది తరచుగా కనబడుతుందని, అమెరికా సూపర్‌హీరో కథల్లో దాదాపు కనబడదని ఆయన అన్నాడు.

ఆ రెండో రకం పుట ఒకటి ఊహించండి. మొదటి గడిలో తలుపు పక్కన ఆనించిన గొడుగు. రెండో గడిలో దాని మొన కింద చేరిన నీళ్లు. మూడో గడిలో కిటికీ అద్దం మీద జారుతున్న చినుకులు. నాలుగో గడిలో రెండు జతల చెప్పులు, ఒకటి తడిసి, ఒకటి పొడిగా. మనిషి కనబడడు, మాటల బుడగ లేదు. అయినా ఎవరో ఇప్పుడే వచ్చారని, ఆ వాన వేళ లోపల మరొకరు ఇల్లు కదలకుండా ఉన్నారని మనకు తెలిసిపోతుంది. చెప్పులు రెండు జతలని, అందులో ఒకటే తడిసిందని గమనించిన క్షణంలో కథంతా మన తలలో అల్లుకుంటుంది. కాళిదాసు లేడి నోటి గడ్డి చేసిన పనినే ఇక్కడ ఆ పొడి చెప్పులు చేశాయి. గీసినవారు దేనినీ పెంచి చూపలేదు. వార్త అని తీసిపారేయడానికీ వీల్లేదు.

జపాన్ చిత్రకారుడు జిరో తానిగుచి 1990ల మొదట్లో గీసిన కథలు దాదాపు ఇలాగే సాగుతాయి. వాటి పేరుకు అర్థం ‘నడిచే మనిషి’. పేరులో ఉన్నదే కథ. ఒకాయన తన పేటలో నడుస్తాడు, పక్షులను చూస్తాడు, వానలో తడుస్తాడు. మాటలు బహు తక్కువ. మొదటిసారి చదివేవారు పుటలు గబగబా తిప్పేసి ‘ఇంతేనా’ అనుకోవచ్చు. ఆయన ఆగి చూసిన చోట మనమూ ఆగితే తప్ప ఆ పుస్తకం చేతికి చిక్కదు.

మాటల ఆధారంతో సాగే స్వభావోక్తి కావాలంటే హార్వీ పీకర్. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో ఫైళ్ల గుమాస్తా. బొమ్మలు వేయడం రాదు. గడులు గీసి, వాటిలో పుల్లల మనుషులను నిలబెట్టి, ఎవరు ఏమంటారో రాసి చిత్రకారులకు ఇచ్చేవాడు. 1976లో సొంత డబ్బుతో పత్రిక మొదలుపెట్టాడు. రాబర్ట్ క్రంబ్ బొమ్మలు వేసిన ఒక కథలో విషయం ఏమిటంటే, సూపర్‌మార్కెట్లో డబ్బు కట్టడానికి ఏ వరుసలో నిలబడితే పని త్వరగా అవుతుందన్న తర్జనభర్జన. అంతే. ఆ తర్జనభర్జనలో ఆ మనిషి ఓపిక, చిరాకు, తొందర, తన మీద తనకున్న అనుమానం అన్నీ బయటపడతాయి. మనందరం రోజూ మనసులో గొణుక్కునేదాన్ని ఒకరు అచ్చులో పెట్టినప్పుడు కలిగే ఆశ్చర్యం అది. ‘నాకు ఒక్కడికే ఇలా అనిపిస్తుందనుకున్నాను’ అన్న ఊరట కూడా అందులో ఉంది. కారును ఎత్తేవాడిని చూసి ఆశ్చర్యపోతాం గాని, ఇలాంటి ఊరట అక్కడ దొరకదు.

ఇక పద్యప్రియుల కోసం ఒక చిన్న సంగతి. జపాన్‌లో నాలుగే గడుల కథలను ‘యోన్‌కోమా’ అంటారు. మచికో హసెగావా 1946 నుంచి 1974 వరకు ఒక ఇంటి మనుషుల గురించి గీసిన దినపత్రిక కథ అందులో బాగా పేరుపొందినది. నాలుగు గడులకూ ఒక వరస ఉంది: ఎత్తుగడ, కొనసాగింపు, మలుపు, ముగింపు. ఈ వరస చైనా నాలుగు పాదాల పద్యం నుంచి వచ్చింది. మూడో పాదంలో దారి మళ్లించి నాలుగో పాదంలో కలపడం. ఇక్కడ మలుపు కోసం ఎవరూ ఎవరితోనూ పోరాడనక్కరలేదు. చూపు పక్కకు తిరిగితే చాలు.

పై టపాకు వచ్చిన జవాబులు చూశాక

‘అన్నీ బాగానే ఉన్నాయి గాని, ఆ కథల్లో ఏమీ జరగదు కదా’ అని ఒకరు రాశారు. భాషా చర్చ కాబట్టి ఆ క్రియనే పట్టుకుంటాను. తెలుగులో ‘జరుగు’కు సంభవించడం ఒక్కటే అర్థం కాదు. ‘కాస్త పక్కకు జరగండి’ అన్నప్పుడు అది కదలడం. ‘రోజులు జరుగుతున్నాయి’ అన్నప్పుడు గడవడం. ‘వాళ్లకు జరుగుబాటు లేదు’ అంటే బతుకుతెరువు లేదని. ‘ఏమీ జరగదు’ అన్న ఫిర్యాదులో సంభవించడం ఒక్కటే ఉంది. ఈ కథలు మిగతా అర్థాలన్నిటినీ పట్టుకుని నడుస్తాయి. రోజు ఎలా గడిచింది, మనిషి ఒక చోటు నుంచి మరో చోటుకు ఎలా కదిలాడు, ఎలా నెట్టుకొచ్చాడు అన్నవే వాటికి ముఖ్యం.

గడవడం అన్న అర్థానికి గొప్ప ఉదాహరణ ఫ్రాంక్ కింగ్ 1918లో మొదలుపెట్టిన ‘గ్యాసొలీన్ ఆలీ’. మొదట్లో అది కార్ల గురించి కబుర్లు చెప్పుకునే మగవాళ్ల కథ. 1921 ఫిబ్రవరి 14న వాల్ట్ అనే బ్రహ్మచారి గుమ్మం ముందు ఎవరో ఒక పసివాణ్ని వదిలి వెళ్లారు. అప్పటి నుంచి ఆ పిల్లవాడు పాఠకులతో పాటే పెరిగాడు. పాఠకులకు ఒక ఏడు గడిస్తే వాడికీ ఒక ఏడు గడిచింది. నడక నేర్చాడు, బడికి వెళ్లాడు, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యంలో చేరాడు, పెళ్లి చేసుకున్నాడు. ఏ ఒక్క రోజు కథ తీసి చూసినా పెద్దగా ఏమీ ఉండదు. వరసగా చదివితే ఒక మనిషి జీవితం ఉంటుంది. సూపర్‌మ్యాన్‌కు 1938లో ఉన్న వయసే ఇప్పటికీ దాదాపుగా ఉంది.

ఇంకొక పోలిక చెప్పి తీరాలి. 1992లో సూపర్‌మ్యాన్ చనిపోయాడు. వార్తాపత్రికల దాకా ఎక్కిన మరణం అది. మరుసటి ఏడాదే తిరిగి వచ్చేశాడు. కెనడా చిత్రకారిణి లిన్ జాన్‌స్టన్ 1979 నుంచి గీసిన కుటుంబ కథలో ఫార్లీ అనే ముసలి కుక్క ఉంది. 1995లో అది నీళ్లలో పడిన చిన్నపిల్లను కాపాడి, తాను చనిపోయింది. పాఠకులు ఆమెకు కుప్పలుతెప్పలుగా ఉత్తరాలు రాశారు. కొందరు ఏడ్చారు, కొందరు కోప్పడ్డారు. ఆ కథలో మనుషులూ జంతువులూ మనలాగే ముసలివాళ్లవుతారు కాబట్టి, పోయినవారు రారని పాఠకులకు తెలుసు. ఏళ్ల తరబడి మామూలు రోజులు జరిగాయి కనుకనే ఆ ఒక్క రోజుకు అంత బరువు వచ్చింది. కాబట్టి ఈ కథల్లో ఏమీ సంభవించదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. సంభవించినప్పుడు దానికి వెనక్కి తిరిగే దారి ఉండదు.

మరొకరు, నేను సూపర్‌హీరో కథలను తక్కువ చేస్తున్నానని నొచ్చుకున్నారు. ఆ ఉద్దేశం లేదు. అతిశయోక్తి కూడా అలంకారమే, అదీ పెద్ద అలంకారం. నిజానికి మంచి సూపర్‌హీరో కథలు స్వభావోక్తిని ఆసరా చేసుకునే నిలబడ్డాయి. 1962లో వచ్చిన స్పైడర్‌మ్యాన్‌ను చూడండి. గోడలు పాకగలిగే కుర్రవాడికి ఇంట్లో డబ్బు ఇబ్బంది, పెద్దావిడ ఆరోగ్యం గురించి దిగులు, తోటి విద్యార్థుల ఎగతాళి. ఆ దిగులు లేకపోతే ఆ పాకడం ఇంతకాలం గుర్తుండేది కాదు. నా బాధల్లా ఒక్కటే. ‘కామిక్స్’ అనగానే ముసుగు, అంగరఖా, గాలిలో ఎగరడం మాత్రమే గుర్తొచ్చి, పెద్దవయసు పాఠకులు ఆ అలమర వైపే పోకుండా ఉండిపోతున్నారు. వాళ్ల కోసమే గీసిన పుస్తకాలు అందులోనే ఉన్నాయి.

కుంతకుని ప్రశ్నకు నా జవాబు కూడా రాయమని అడిగారు. అలంకరించవలసినది వస్తువు స్వభావం. అలంకారం దాన్ని చూసిన చూపు. గొడుగు అందరి ఇళ్లలోనూ ఉంటుంది, దాని మొన కింది నీళ్లను ఒకరు చూసి మనకు చూపాలి. కుంతకుడు ఒప్పుకుంటాడో లేదో గాని, దండి పక్షం నిలబడటానికి ఈ మాత్రం చాలనుకుంటున్నాను.

మన ప్రబంధాల్లో పల్లె వీధులు, పొలం పనులు, వాన రోజులు ఉన్నవి ఉన్నట్లు చూపిన పద్యాలు చాలా ఉన్నాయని మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. అలాంటివి గుర్తున్నవారు ఇక్కడే పెట్టండి. ముఖ్యంగా నాలుగు పాదాలూ నాలుగు గడులుగా విడదీసి గీయడానికి వీలైనవి కావాలి. ప్రతి పద్యానికీ ఏ గడిలో ఏది వస్తుందో మీ ఊహ కూడా పక్కన రాస్తే, బొమ్మలు వేయగల సభ్యులెవరైనా ప్రయత్నిస్తారు.