ఈ ఎండాకాలానికి కొత్త కథలు, నవలలు: ఏవి కొనాలి, ఎప్పుడు కొనాలి?

కావలి_పాఠకురాలు:
ఇంకొన్నాళ్లలో సెలవులు. ఇంట్లో చదివేవాళ్లు ముగ్గురు: డిగ్రీ అమ్మాయి, ఇంటర్ రాసిన అబ్బాయి, డెబ్బై దాటిన అత్తగారు. అమ్మాయికి తెలుగు, ఇంగ్లీషు రెండూ వచ్చు. అబ్బాయి ఇంతవరకు తెలుగు నవల ముట్టలేదు. అత్తగారికి సన్నక్షరాలు ఆనవు. రెండు వేల లోపల ఐదారు పుస్తకాలు కావాలి. పాతకాలం నవలలన్నీ ఇంట్లో ఉన్నాయి, ఈమధ్య వచ్చినవి చెప్పండి. ఇంకో మాట. 'వేసవి కొత్త పుస్తకాలు' అని వెతికితే అన్నీ ఇంగ్లీషువే వస్తున్నాయి. తెలుగులో అట్టాంటి జాబితా ఎందుకు లేదు?

పెన్న_ఒడ్డు:
అక్కా, ఆఖరి ప్రశ్న ముందు తీసుకుంటా, మీ కొనుగోలంతా దాని మీదే ఉంది. మనకి పుస్తకాల పంట చేతికొచ్చేది చలికాలంలో. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక ప్రదర్శన. ఆ రెండిటికీ అందేట్టు అచ్చుకిస్తారు. ఎండాకాలానికని ప్రత్యేకంగా ఎవరూ వెయ్యరు. తొలి ముద్రణ చాలా పుస్తకాలకి ఐదొందలు, మించితే వెయ్యి కాపీలు. బాగుందని నలుగురూ అనుకునేసరికి స్టాకు ఖాళీ. రోళ్లు పగిలే ఎండల్లో చదవబోయేది ఇప్పుడే తెప్పించి పెట్టుకోండి, మే నెలలో వెతుక్కుంటే దొరికినవే చదవాల్సి వస్తది.

రెండో దారి అవార్డుల జాబితా. ఇందులో ఒక మెలిక ఉంది, చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. అవార్డు ఏడాదీ, పుస్తకం వచ్చిన ఏడాదీ ఒకటి కావు. సాహిత్య అకాడెమీ 2023 అవార్డుకి చూసింది 2017 నుంచి 2021 దాకా తొలిసారి అచ్చయిన పుస్తకాల్ని. అంటే అది 'కొత్తవి' అని చెప్పే జాబితా కాదు, జల్లెడ పట్టిన జాబితా. మనకి మేలేమిటంటే, అవార్డొచ్చిన పుస్తకం మళ్లీ అచ్చుకొచ్చే అవకాశం ఎక్కువ.

అందులోంచి అత్తగారికి టి. పతంజలి శాస్త్రి 'రామేశ్వరం కాకులు మరికొన్ని కథలు'. 2023 అకాడెమీ అవార్డు దీనికే. పూటకి ఒక్క కథ చాలు. ఆయన కథలో చెప్పేదాని కన్నా చెప్పకుండా వదిలేసేది ఎక్కువ, వెంటనే ఇంకోటి మొదలుపెడితే మొదటిది చెదిరిపోతుంది. పెద్ద నవల కావాలంటే మధురాంతకం నరేంద్ర 'మనోధర్మపరాగం', 2022 అవార్డు. దేవదాసీ కుటుంబాల్లోని ఆడవాళ్లు, వాళ్ల సంగీతం. పాట మీద ఇష్టం ఉన్నవాళ్లు దీన్ని వదలరు, ఆ ఇష్టం లేకపోతే మాత్రం మొదట్లో ఓపిక కావాలి.

అమ్మాయికి రెండు. ఒకటి రమేష్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో', బంజారా తండాల కథలు, 2024 సాహిత్య అకాడెమీ యువ పురస్కారం. రెండోది ఇంగ్లీషులో 'హార్ట్ ల్యాంప్'. కన్నడంలో బాను ముష్తాక్ 1990 నుంచి 2023 దాకా రాసిన కథల్లోంచి పన్నెండు, దీపా భాస్తి అనువాదం. 2025 ఇంటర్నేషనల్ బుకర్ వచ్చింది, ఆ బహుమతి కథల సంపుటికి రావడం అదే మొదలు. కొన్ని కన్నడ, ఉర్దూ మాటల్ని అనువాదకురాలు అట్టాగే ఉంచేసింది. మనవాళ్లకి అవి అడ్డం రావు, సగం మనం వాడే మాటలే.

మార్కాపురం_మాష్టారు:
అబ్బాయి సంగతి ఎవరూ ఎత్తలేదు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' ఇవ్వండి. 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది. కరువుకి గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కే కాపరుల కథ. మా వైపు వాళ్లకి ఆ కొండలు ఇంటి గుమ్మంలోంచి కనపడతాయి. 2021లో సినిమాగా వచ్చింది గదా, కథ తెలుసు గదా అని అబ్బాయి అంటే ఒప్పుకోవద్దు. సినిమాలోని ప్రేమకథ నవలలో లేదు. అసలు బలం అడవిలో రాత్రి మందని కాచుకోవడంలో ఉంది, పులి భయంలో ఉంది.

మొదటిసారి చదివేవాళ్లు ఆగిపోయేది యాస దగ్గర. కడప పలుకుబడి కదా. మొదటి పది పేజీలు పైకి చదవమనండి. కంటికి కొత్తగా కనపడే మాట చెవికి తెలిసిన మాటే అయ్యుంటది. పేజీకి నాలుగుసార్లు ఆగి ఫోన్లో అర్థం వెతికితే మాత్రం నవల చచ్చిపోతుంది. తెలియని మాట కింద పెన్సిలు గీత పెట్టి ముందుకు పోవాలి, నాలుగు పేజీల తర్వాత అదే విడిపోతుంది.

ట్రంకురోడ్డు:
మాష్టారూ, పుస్తకమే ముట్టని పిల్లోడికి ముందు యాస నవలెందుకు? రవి మంత్రి 'అమ్మ డైరీలో కొన్ని పేజీలు' ఇయ్యండి. ఆ వయసు పిల్లలు దాన్ని బాగా చదివారు, వాక్యాలు తేలిక. అది అయినాక మన నెల్లూరు మాటలోకి దించండి: సోలోమోన్ విజయ్ కుమార్ 'మునికాంతపల్లి కతలు'. నాయనమ్మ నోట రోజూ వినే మాట అచ్చులో కనపడితే ఆ పిల్లోడే ఇంట్లో అందరికీ చదివి వినిపిస్తాడు. కొత్తది కాకపోయినా స.వెం. రమేష్ 'ప్రళయకావేరి కథలు' కూడా పక్కన పెట్టుకోండి. పులికాట్ సరస్సుకి పాత పేరే ప్రళయకావేరి. సూళ్లూరుపేట, తడ వైపు పక్షుల్ని చూడను పోయేవాళ్లు అది చదివి పోతే ఆ నీళ్లు వేరేగా కనపడతాయి.

ఒంగోలు_బైండింగ్:
ఏవి కొనాలో అందరూ చెప్పారు, ఎట్టా కొనాలో నేను చెబుతా.

పార్సిల్ విప్పగానే చదవడం మొదలుపెట్టకండి, ముందు పేజీల నంబర్లు చూడండి. మన పుస్తకాలు పదహారు పేజీల ఫారాలుగా అచ్చవుతాయి. జతపరిచేటప్పుడు ఒక ఫారం తప్పిపోతే 32 తర్వాత నేరుగా 49 వస్తుంది. రెండుసార్లు పడితే 48 తర్వాత మళ్లీ 33. బొటనవేలితో అంచు తిప్పుతూ 16, 32, 48, 64 దగ్గర ఆగి చూస్తే రెండు నిమిషాల పని. లోపం కనపడితే ఆ పేజీలు, వెనక ముద్రణ వివరాలున్న పేజీ ఫోటో తీసి అమ్మినవాళ్లకి ఆ వారంలోనే పంపండి. నెల తర్వాత పంపితే మార్చివ్వడానికి వాళ్ల దగ్గరే కాపీ ఉండకపోవచ్చు.

రెండోది ఎండ. వీపు కుట్టకుండా జిగురుతో అంటించిన పుస్తకాన్ని బండి డిక్కీలో, కారు వెనకద్దం కింద పెట్టొద్దు. మధ్యాహ్నం వేడికి జిగురు మెత్తబడుతుంది, అప్పుడు పుస్తకాన్ని వెనక్కి విరిచి పట్టుకుంటే మధ్యలోంచి పేజీలు ఊడొస్తాయి. కొత్త పుస్తకాన్ని ముందు నుంచి పది, వెనక నుంచి పది పేజీలు చొప్పున మెల్లగా తెరిచి అదిమి, తర్వాత చదవండి.

ఇక ఖర్చు. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్‌పోస్టులో కలిసిపోయింది. విడివిడిగా తెప్పిస్తే పోస్టేజీకే ఒక పుస్తకం డబ్బులు పోతాయి. కొనేవన్నీ ఒకే అమ్మకందారు దగ్గర, ఒకే పార్సిల్లో అడగండి. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు, బిల్లులో వేసుంటే తీయించండి.

కావలి_పాఠకురాలు:
అందరికీ నమస్కారం. ఈ రాత్రికే ఆర్డరు పెడుతున్నా. అత్తగారి అక్షరాల సంగతి మాత్రం మిగిలింది. ట్యాబులో పీడీఎఫ్ పెద్దది చేస్తే వాక్యం పక్కకి పోతోంది, ప్రతి లైనుకీ జరపాలి.

పెన్న_ఒడ్డు:
పీడీఎఫ్ అంటే పేజీ ఫోటో లాంటిది, అక్షరం పెరిగితే లైను తెర దాటుతుంది. అక్షరాలుగా ఎక్కించిన ఈ-పుస్తకమైతే అక్షరం పెంచితే లైను దానంతట అదే సర్దుకుంటుంది. కానీ ఈ-పుస్తకాల్లోనూ కొన్ని స్కాను చేసి పెట్టినవి ఉంటాయి, అందుకని ముందు ఉచిత నమూనా దింపి, అక్షరం పెంచి చూసి, అప్పుడు కొనండి. కన్ను అలిసిపోయినప్పుడు వినడానికి దాసుభాషితం యాప్ ఉంది. అన్నిటికన్నా మేలు, సాయంత్రం అరుగు మీద అబ్బాయి చేత ఆమెకి రోజుకో మునికాంతపల్లి కత చదివించండి. యాస తప్పితే ఆమే దిద్దుతుంది.