స్పోర్ట్స్ కారు డోర్ ప్యాడ్ ఊడుతోంది: ఇంట్లో అతికించుకోవచ్చా, కుషన్ షాపుకే ఇవ్వాలా?

అరసవల్లి రోడ్డు
అందరికీ నమస్కారం. నాది 2009 మోడల్ స్పోర్ట్స్ కారు. రెండు డోర్లు, రెండే సీట్లు. మూడేళ్ల కిందట విశాఖలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంజిన్‌కి ఏ లోటూ లేదు, డోర్ ప్యాడ్‌లతోనే (డోర్ లోపలి వైపు రెగ్జిన్ తొడిగిన పలకలు) నా బాధంతా. పోయిన వేసవిలో డ్రైవర్ వైపు గ్లాసు కింద అంచు దగ్గర రెగ్జిన్ కొంచెం లేచింది. ఈ వేసవికి చెయ్యి దూరేంత ఊడిపోయింది. లోపలి ఫోమ్ పసుపు పొడిలా రాలి ప్యాంటుకి అంటుకుంటోంది. పక్క సీటు వైపు అయితే రెగ్జిన్ అంచు వెనక్కి జరిగి కింద ప్లాస్టిక్ కనబడుతోంది.

శ్రీకాకుళంలోనే ఒక కుషన్ షాపులో చూపించాను. పాతదంతా పీకేసి రెండు డోర్లకీ కొత్త రెగ్జిన్ వేస్తాం, 12,000 అవుతుందన్నారు. నాకు మనసొప్పడం లేదు. ఆ రెగ్జిన్ మీది గీతలు, కుట్టు కారుతో పుట్టినవి. డ్యాష్‌బోర్డుతో కలిసిపోయి ఉంటాయి. కొత్తది వేస్తే ఆ కలయిక పోతుంది. ఇంట్లో నేనే విప్పి, శుభ్రం చేసి, పాత రెగ్జిన్‌నే తిరిగి అతికించుకుందామని ఉంది. చేయొచ్చా? వద్దనేవాళ్లు ఎందుకు వద్దో కూడా చెప్పండి.

టెక్కలి కుర్రాడు
అన్నా, విప్పడం దేనికి? నేను సిరంజీలో సొల్యూషన్ జిగురు ఎక్కించి ఊడిన చోట లోపలికి కొట్టాను. పైన పుస్తకాలు పెట్టి రాత్రంతా ఉంచాను. అతుక్కుంది.

విజయనగరం కుషన్ మేస్త్రీ
టెక్కలి తమ్ముడూ, ఎప్పుడు చేశావు? మే నెల దాటిందా?

నేను గంట స్తంభం దగ్గర్లో ఇరవై ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను. సిరంజీతో కొట్టిన డోర్లు నా దగ్గరికి చాలా వచ్చాయి. సొల్యూషన్ అనేది రెండు వైపులా పూసి, గాలికి ఆరనిచ్చి, వేలు పెడితే అంటుకోనంత అయ్యాక కలపాల్సిన వస్తువు. తడిగా ఉండగా మూసేస్తే అందులోని ద్రావకం బయటికి పోయే దారి ఉండదు. ఎండ తగలగానే అదే ఉబ్బి బుడగలు లేపుతుంది. పైగా లోపల పొడి ఫోమ్ అలాగే ఉంది కదా. మీ జిగురు ఆ పొడికి అంటుకుంటుంది కానీ డోర్‌కి అంటుకోదు.

ఇక అసలు ప్రశ్న. నేను ఇంట్లో వద్దనే చెబుతాను. నాకు పని కావాలని కాదు. పదిహేనేళ్లు ఎండలో కాగిన రెగ్జిన్ కుదించుకుపోతుంది. పక్క సీటు వైపు అంచు వెనక్కి జరిగిందని మీరే రాశారు. అది జిగురు వదిలినందువల్ల కాదండీ, రెగ్జినే చిన్నదైపోయింది. చిన్నదైన చొక్కాకి గుండీలు ఎన్నిసార్లు పెట్టినా నిలుస్తాయా? వేడి చేసి లాగి అంటిస్తే ఆ రోజుకి అందుతుంది, నాలుగు ఎండలకి మళ్లీ వెనక్కి పోతుంది. కొత్తది వేయాల్సిందే.

ఆముదాలవలస సైన్సు మాస్టారు
మేస్త్రీ గారు చెప్పింది సరైనదే. కారణం కూడా చెబుతాను, అది తెలిస్తే నిర్ణయం తేలికవుతుంది. రెగ్జిన్ అంటే పీవీసీ. పీవీసీ స్వతహాగా గట్టి పదార్థం, పైపులు చేసేది దాంతోనే. మెత్తగా ఉండాలని అందులో నూనెలాంటి ప్లాస్టిసైజర్ కలుపుతారు. వేడికి అది నెమ్మదిగా బయటికి వచ్చేస్తుంది. కొంత ఆవిరై గ్లాసు లోపలి వైపు జిడ్డు పొరలా పేరుకుంటుంది. కొంత వెనక్కి దిగి జిగురులో కలుస్తుంది. అలా మెత్తదనం పోగొట్టుకున్న రెగ్జిన్ బిరుసెక్కి కుదించుకుంటుంది.

వెనక్కి దిగినదే అసలు తంటా. వడ్రంగులు సన్‌మైకాకి వాడే రబ్బరు జాతి సొల్యూషన్ ఆ నూనెకి మెత్తబడి జారిపోతుంది. పాలియురితేన్ జాతి జిగురు దాన్ని బాగా తట్టుకుంటుంది. చెప్పుల తయారీలో పీవీసీ సోల్‌కి పీయూ సొల్యూషన్ వాడేది ఇందుకే. చెప్పుల సామాన్లు అమ్మే దుకాణంలో పీయూ సొల్యూషన్ అని అడగండి.

ఫోమ్ పొడి కావడానికి కారణం వేరు. అది కూడా పాలియురితేనే గానీ, తేమా వేడీ కలిస్తే కొన్ని రకాల ఫోమ్‌లో అణువుల గొలుసులు తెగిపోతాయి. మొదట జిగటగా అవుతుంది, తర్వాత పొడి. సముద్రం ఇంత దగ్గరగా ఉన్న మన జిల్లాలో తేమకి కరువేముంది? ఎండలో అద్దాలు మూసిన కారు లోపల 60 డిగ్రీలకి చేరడం మామూలే.

బొబ్బిలి మెకానిక్
మీరంతా జిగురు గురించే మాట్లాడుతున్నారు. నా భయం వేరే. అరసవల్లి రోడ్డు గారూ, మీ డోర్ ప్యాడ్ మీద ఎయిర్‌బ్యాగ్ అని చిన్న అచ్చు గానీ, గుర్తు గానీ ఉందా? రెండు డోర్ల కార్లు కొన్నింటిలో పక్క ఎయిర్‌బ్యాగ్ సీటులో ఉండదు, డోర్‌లోనే ఉంటుంది. ఉంటే ముందు బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్లో చెప్పినంత సేపు ఆగాలి. ఎయిర్‌బ్యాగ్ వైర్ల పసుపు రంగు కనెక్టర్ కనబడితే దాని మీద కరెంటు చూసే మీటరు పెట్టొద్దు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోట పైపొర చిరగడానికి వీలుగా తయారుచేసి ఉంటుంది. అక్కడ ఇంట్లోవాళ్లైనా, షాపువాళ్లైనా మందపాటి రెగ్జిన్ అంటించడం ప్రాణం మీదికి తెస్తుంది. మేస్త్రీ గారూ, మీకూ ఈ మాట వర్తిస్తుంది, ఏమీ అనుకోకండి.

ఇంకోటి. ఇలాంటి కార్లు చాలావాటికి గ్లాసు చుట్టూ ఫ్రేము ఉండదు. వాటిలో చాలావరకు డోర్ తీసినప్పుడు గ్లాసు కొంచెం కిందికి దిగి, వేశాక పైకి వెళ్తుంది. బ్యాటరీ తీశాక అది దిగదు. అప్పుడు డోర్ మూస్తే గ్లాసు పై రబ్బరుని కొడుతుంది. కాబట్టి గ్లాసు పూర్తిగా దించాకే బ్యాటరీ తీయండి. ఈ రెండూ తెలియకుండా వీడియో చూసి స్క్రూడ్రైవర్ పట్టేవాళ్లని చూస్తే నాకు టెన్షన్.

విజయనగరం కుషన్ మేస్త్రీ
ఏమీ అనుకోను బాబూ, మంచి మాట చెప్పారు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న డోర్ అయితే ఆ భాగం నేను ముట్టుకోను. చుట్టూ ఉన్నంతవరకే చేస్తాను.

అరసవల్లి రోడ్డు
ఇప్పుడే వెళ్లి చూశాను. ఎయిర్‌బ్యాగ్ గుర్తు సీటు పక్కన ఉంది, డోర్ మీద లేదు. మాన్యువల్లోనూ అంతే రాసి ఉంది. బొబ్బిలి అన్నా, గ్లాసు సంగతి నాకు తెలియదు. మీరు చెప్పకపోతే అలాగే మూసేసేవాణ్ని. చాలా థ్యాంక్స్.

మేస్త్రీ గారూ, పక్క సీటు వైపు సంగతి ఒప్పుకుంటున్నాను. స్కేలుతో కొలిస్తే రెగ్జిన్ దాదాపు ఒక సెంటీమీటరు తక్కువ పడింది. కానీ డ్రైవర్ వైపు అలా లేదు. ఊడిన భాగాన్ని వేలితో నొక్కితే అంచు దాకా నిండుగా వస్తోంది, ఇంకా మెత్తగా వంగుతోంది. ఒక డోర్ చిన్నదైందని రెండోదాన్ని కూడా పీకేయాలా? ఇక్కడ మాత్రం మీతో ఒప్పుకోలేను.

పలాస డ్రైవర్
నాది స్పోర్ట్స్ కారు కాదు, టాక్సీ. అయినా చెబుతాను. 2018లో తిత్లీ తుఫాను తర్వాత బండి నాలుగు రోజులు తడిలోనే ఉంది. నాది అట్టతో చేసిన డోర్ ప్యాడ్, నీళ్లు తాగి ఉబ్బిపోయింది. ఎంత జిగురు పూసినా నిలవలేదు. చివరికి ఇంకో బండి నుంచి తీసిన పాత ప్యాడ్ వేసుకున్నాను. ముందు కింద ఉన్నది ఏటో చూడండి, ప్లాస్టికా అట్టా అని.

ఆముదాలవలస సైన్సు మాస్టారు
చాలా అవసరమైన మాట. ప్లాస్టిక్ అయినా ఏ ప్లాస్టికో చూడాలి. విప్పాక వెనక్కి తిప్పితే ఎక్కడో ఒక చోట అచ్చు అక్షరాలు ఉంటాయి. ఏబీఎస్ అని ఉంటే జిగురు బాగా పడుతుంది. పీపీ అని ఉంటే, అంటే పాలిప్రొపిలీన్, మామూలు జిగురు పట్టదు. దానికి ముందుగా జిగురు పట్టేలా చేసే ప్రైమర్ పూయాలి. లేకపోతే ఎండిన జిగురు రేకులా లేచి వచ్చేస్తుంది.

టెక్కలి కుర్రాడు
మేస్త్రీ గారూ, మే నెల ఇంకా రాలేదు, నేను చేసింది జనవరిలో. నిన్న గోరుతో తట్టి చూశాను. మధ్యలో డొల్ల శబ్దం వస్తోంది. విప్పి మళ్లీ చేస్తాను.

బొబ్బిలి మెకానిక్
విప్పేటప్పుడు ప్లాస్టిక్ పట్టీ వాడు తమ్ముడూ, ఇనుప స్క్రూడ్రైవర్‌తో రంగు లేచిపోతుంది. హ్యాండిల్ వెనకా, చేయి ఆనించే చోటా మూతల కింద స్క్రూలు దాగుంటాయి. అవి తీయకుండా లాగితే ప్యాడే పగులుతుంది. క్లిప్పులు కొన్ని ఎలాగూ విరుగుతాయి, పది కొత్తవి ముందే కొనిపెట్టుకో. చాలా బండ్లలో ప్యాడ్‌ని పైకి ఎత్తి తీయాలి. తీశాక కేబుల్, వైర్లు ఉంటాయి, ఒక్కసారిగా గుంజకు. లోపల నల్లటి జిగురుతో అంటించిన పల్చటి షీట్ ఉంటుంది. వాన నీళ్లు కారులోకి రాకుండా ఆపేది అదే. చిరిగితే వానాకాలంలో కింద కార్పెట్ తడుస్తుంది.

అరసవల్లి రోడ్డు
మూడు వారాల తర్వాత రాస్తున్నాను.

డ్రైవర్ వైపు డోర్ నేనే చేశాను. రెండు ఆదివారాలు పట్టింది. విప్పడం గంటన్నర. వెనక ఏబీఎస్ అని చూడగానే ప్రాణం కుదుటపడింది. పాత ఫోమ్ గీకడానికే ఒక పూట పోయింది. మాస్కు పెట్టుకున్నా ముక్కులోకి వెళ్లింది, దగ్గొచ్చింది. ప్లాస్టిక్‌ని 180 నంబరు సాండ్ పేపర్‌తో గరుకు చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచాను. ఇన్నాళ్లూ నేను కొట్టిన సిలికాన్ పాలిష్ అంచుల దాకా పాకి ఉంది. అది ఉన్నచోట జిగురు పట్టదని నాకు అప్పుడే తెలిసింది. ఫోమ్ ఉన్నచోట సరిగ్గా అంతే మందం కొత్త ఫోమ్ కోసి వేశాను. పీయూ సొల్యూషన్ చెప్పుల సామాన్ల దుకాణంలోనే దొరికింది. దొడ్లో గాలి తగిలేచోట, పొయ్యికి దూరంగా పూశాను. పావుగంట ఆరనిచ్చి మధ్య నుంచి అంచులకి నొక్కుకుంటూ పోయాను. ఒక మూల రెండు సెంటీమీటర్ల ముడత వచ్చింది. అది నా చేతి తప్పే. హ్యాండిల్ పక్కన పడింది కాబట్టి కూర్చుంటే కనబడదు, కానీ అది ఉందని నాకు తెలుసు.

పక్క సీటు వైపు డోర్ ప్యాడ్ తీసుకుని వచ్చే బుధవారం విజయనగరం వస్తున్నాను, మేస్త్రీ గారూ. రెగ్జిన్ మొత్తం మార్చకుండా, తక్కువ పడిన పై అంచులో మాత్రం అదే రంగు ముక్క కలిపి కుట్టడం కుదురుతుందా? ఆ కుట్టు డ్యాష్‌బోర్డు కుట్టుకి ఎదురుగా వస్తుంది కాబట్టి అతుకులా కాకుండా డిజైన్‌లా ఉంటుందని నా ఆశ.

విజయనగరం కుషన్ మేస్త్రీ
కుదురుతుంది. మెత్తగా ఉన్నంత మేర పాతదే ఉంచుతాను, బిరుసెక్కిన చోట సూది పడితే చిరుగుతుంది కాబట్టి అంతవరకు కోసేస్తాను. దారం రంగు కోసం డ్యాష్‌బోర్డు ఫొటో వద్దు, ఫొటోలో రంగు మారిపోతుంది. కారే తీసుకురండి. డ్రైవర్ వైపు డోర్ మీద మీ చేతి పని కూడా చూడాలి.