గంజాయి కేసులో పట్టుబడిన బండిని విచారణ ముగియకముందే యజమానికి ఇవ్వాలా?

అనకాపల్లి లారీ యజమాని:
తొమ్మిది నెలలుగా నా లారీ ఒక పోలీసు స్టేషన్ ఆవరణలో పడి ఉంది. బెల్లం లోడు దించి తిరిగి వస్తూ డ్రైవరు దారిలో గంజాయి మూటలు ఎక్కించుకున్నాడట. అతను జైల్లో ఉన్నాడు. నిందితుల్లో నా పేరు లేదు. మొన్న వెళ్లి చూశాను. ముందు టైర్లు రెండూ నేలకు అంటుకుపోయాయి. బ్యాటరీ మాయమైంది. బంపరు సందులోంచి జిల్లేడు మొక్క నడుమెత్తు లేచింది. ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఒక్క నెలా ఆగలేదు. కేసు తేలేసరికి మిగిలేది తుక్కే. అప్పుడు ప్రభుత్వం జప్తు చేసుకున్నా దానికి వచ్చేదేమిటి?

మన్యం మాస్టారు:
మీ కష్టం అర్థమైంది. కానీ నేను పాడేరు వైపు పాతికేళ్లు పాఠాలు చెప్పినవాణ్ని. చదువు మానేసి కూలి డబ్బులకు మూట మోసిన పిల్లలను చూశాను. 20 కిలోలు దాటితే కనీస శిక్ష పదేళ్లు, బెయిలు దొరకడం గగనం. ఆ పిల్లవాడు లోపలే ఉంటాడు, సరుకు మోసిన బండి మాత్రం పూచీకత్తు మీద రోడ్డెక్కుతుంది. ఇదెక్కడి న్యాయం? బండి లేకుండా ఈ వ్యాపారం కొండ దిగదు. ఎర్రచందనం లాంటి అటవీ కేసుల్లో పట్టుబడిన బండిని సాధారణంగా తిరిగి ఇవ్వకూడదని సుప్రీంకోర్టే 2000లో చెప్పింది. గంజాయికి ఆ పాటి కట్టుదిట్టం అక్కర్లేదా?

విశాఖ వకీలు:
మాస్టారూ, అటవీ చట్టం దారి వేరు. అక్కడ జప్తు అధికారం అటవీ అధికారికే ఉంది. మామూలు కేసుల్లో 2002 నాటి సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పే నేటికీ ఆధారం. ఫోటోలు తీసి, పంచనామా రాసి, తగిన బాండు తీసుకుని బండి అప్పగించాలి, స్టేషన్లలో ఏళ్ల తరబడి ఉంచి ప్రయోజనం లేదు అన్నది దాని సారం. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 497వ సెక్షన్ గడువులు కూడా పెట్టింది. కోర్టు 14 రోజుల్లో వస్తువు వివరాలు నమోదు చేయాలి, ఆ తర్వాత 30 రోజుల్లో దాన్ని ఏం చేయాలో ఆదేశించాలి.

గంజాయి లాంటి మత్తుపదార్థాల కేసుల్లోనూ మధ్యంతరంగా బండి వదలడానికి చట్టం అడ్డు కాదని 2025 జనవరిలో బిశ్వజిత్ డే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే లారీ యజమాని గారు ఒకటి గమనించాలి. సరుకు ఎవరో ప్రయాణికుడి దగ్గర దొరికితే ఒక లెక్క, యజమాని పెట్టుకున్న డ్రైవరు దగ్గర దొరికితే మరో లెక్క అని ఆ తీర్పే విడదీసింది. రెండో రకంలో మామూలుగా ఇవ్వరు. మీది అదే. కానీ అదే ఏడాది తమిళనాడు నుంచి వచ్చిన కేసు మీకు పనికొస్తుంది. ఇనుప రేకుల లోడుతో వెళ్తున్న లారీలో డ్రైవరు, మరికొందరి దగ్గర 6 కిలోల గంజాయి దొరికింది. యజమాని నిందితుడు కాడు కాబట్టి సుప్రీంకోర్టు లారీ విడుదల చేయించింది.

మన్యం మాస్టారు:
మరి మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) 60వ సెక్షన్ మాటేమిటి? తనకు తెలియదని చెబితే చాలదు, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని యజమాని రుజువు చేసుకోవాలి కదా. తెలియదని అందరూ అంటారు.

విశాఖ వకీలు:
నిజమే, తుది జప్తు వేళ ఆ భారం యజమానిదే. నేనడిగేది అంతవరకు బండి బతికి ఉండాలనే. అమ్మకూడదు, రంగు మార్చకూడదు, పిలిచినప్పుడు తెచ్చి చూపాలి అని షరతులు పెట్టండి. తప్పితే బాండు సొమ్ము వసూలు చేయండి.

ఆటో స్టాండు:
ఆ బాండు దగ్గరే మాలాంటివాళ్లం ఆగిపోతాం సార్. మా తమ్ముడి ఆటోకు విడుదల ఉత్తర్వు వచ్చి రెండు నెలలైంది. ఇద్దరు జామీనుదారులు, ఇంటి పన్ను రసీదులతో రావాలన్నారు. మా వాడలో అందరివీ అద్దె ఇళ్లే.

అనకాపల్లి లారీ యజమాని:
మాస్టారూ, మీరడిగిన రుజువులు నా దగ్గర ఉన్నాయి. డ్రైవరు లైసెన్సు నకలు, బెల్లం లోడు వేబిల్లు, ఆ రాత్రి జీపీఎస్ చూపిన దారి. బండి గంటన్నర ఆగిన చోటు చూసి తెల్లవారుజామున అతనికి నాలుగుసార్లు ఫోను చేశాను. ఆ కాల్ జాబితా కూడా తీయించాను. వకీలు గారూ, సోమవారం పిటిషన్ వేస్తున్నాను. ఆటో తమ్ముడూ, నాకు సొంతిల్లు ఉంది. ఒక జామీను నేను నిలబడతాను, ఏ కోర్టో చెప్పండి.